పక్కపక్కన పెట్టిన మాటలు

"మామయ్యగారూ, పై గది తాళం చెవి ఇదిగో. సుద్దముక్కల డబ్బా కిటికీలో పెట్టాను. బోర్డు నావల్ల దిగలేదు, మీ అబ్బాయిని దింపమనండి."

మా కోడలు తాళం చెవి బల్ల మీద పెట్టిన చప్పుడుకి సీసాల్లో బొత్తాలు గలగలమన్నాయి.

సోమవారం పొద్దున్న. కొట్టు తలుపులు తీసి పది నిమిషాలైనా కాలేదు. మాది దారాలు, బొత్తాలు, జిప్పులు అమ్మే కొట్టు. దర్జీలే మా మహారాజులు. ముప్ఫై ఏళ్ళలో బోణీకి రకరకాల మనుషులు వచ్చారు గానీ, బోణీ వేళకి ఇంట్లోంచి రాజీనామా రావడం ఇదే మొదలు.

"శుక్రవారం పరీక్ష ఉంది కదమ్మాయ్. ఇంకా నాలుగు రోజులుంది."

"ఆ నాలుగు రోజుల్లో ఇంకెన్ని పాడుచేస్తానో! శనివారం చూశారుగా."

చూశాను. శనివారం హోటలు మేనేజరు స్వయంగా వచ్చి మా పై గదిలో కూర్చుని, పదకొండు మందినీ తలా నాలుగు ప్రశ్నలు అడిగాడు. వాళ్ళంతా వీధి చివర పెద్ద హోటల్లో పనిచేసేవాళ్ళు. లిఫ్టు మనిషి, గదులు సర్దేవాళ్ళు, సామాను మోసేవాళ్ళు, లాండ్రీ ఆవిడ. ఇంగ్లీషు బొత్తిగా రాదని కాదు. ఒకదాన్నొకటి పోలిన మాటలు ఎదురైతే తడబడతారు. ఆ తడబాటు పోగొట్టడానికే మా కోడలు బడి ఉద్యోగం మానుకుని ఈ క్లాసు పెట్టింది. నెల రోజులు చూస్తానన్నాడు మేనేజరు. ఈ శుక్రవారం గట్టెక్కితే ఏడాది పొడుగునా హోటలు జనమంతా ఆమె దగ్గరే. లేకపోతే క్లాసు లేదు. ఆమెకి మళ్ళీ బడి లేదు.

నెల కిందట తడబడింది నలుగురు. శనివారం తడబడింది పదకొండు మంది.

లిఫ్టు మనిషి సంగతే చూడండి. ఇరవై ఏళ్ళుగా మంగళవారాన్ని హాయిగా ట్యూస్‌డే అంటున్నవాడు. మా క్లాసుకి వచ్చాక మంగళవారానికీ గురువారానికీ మధ్య, రెండంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టులా ఇరుక్కుపోయాడు. లాండ్రీ ఆవిడ ఇంకో మెట్టు పైన ఉంది. పొద్దున్నే గుర్తు చెయ్యమని అడిగిన ఒక పెద్దమనిషితో, రిమైండ్ అనాల్సిన చోట 'ఐ విల్ రిమెంబర్ యూ' అందట. ఆయన భార్య పక్కనే ఉందట.

"అది తప్పెలా అవుతుంది? గుర్తుంచుకుంటానంది, మంచిదేగా," అన్నాడు మావాడు నిచ్చెన మీంచి. పై అరలో బొత్తాల పెట్టెలు సర్దుతున్నాడు.

"మీరు నవ్వండి," అంది కోడలు తలెత్తకుండా. "మీ జిప్పుల పెట్టెలకి గది దొరికింది. పండగ చేసుకోండి."

"నేనేమన్నానిప్పుడు?"

"అనలేదు. మెట్ల మీద పెట్టారు. పన్నెండు పెట్టెలు. రోజుకో మెట్టు పైకెక్కుతున్నాయి. నాకు కనబడదనుకున్నారా?"

మావాడు నోరు మూసుకుని అర వైపు తిరిగాడు. నిజమే. శనివారం సాయంత్రానికి పెట్టెలు ఎనిమిదో మెట్టు చేరాయి.

నేనూ నోరు మూసుకునే ఉన్నాను. తేలు కుట్టిన దొంగకీ నాకూ ఆ క్షణాన తేడా లేదు. ఎందుకంటే పదకొండు మందినీ ముంచిన ఆలోచన మా కోడలిది కాదు. నాది.

మూడు వారాల కిందట ఆమె గడపలో కూర్చుని తల పట్టుకుంటే నేనే అన్నాను. "అమ్మాయ్, రెండు రీళ్ళూ ఒకటే రంగు అని వాదించే గిరాకీకి నేనేం చేస్తాను? రెండూ పక్కపక్కన పెట్టి గుమ్మంలో వెలుగులోకి పట్టుకెళ్తాను. తేడా దానంతటదే కనబడుతుంది. మాటల్నీ అలాగే పెట్టు." ఆమె రెండు రోజులు కూర్చుని పెద్ద చార్టు రాసింది. ఇరవై రెండు జతలు. ఎడమ పక్క ఎర్ర గళ్ళు, కుడి పక్క నీలం గళ్ళు. బారో ఎడమ, లెండ్ కుడి. రిమైండ్ ఎడమ, రిమెంబర్ కుడి. ట్యూస్‌డే ఎడమ, థర్స్‌డే కుడి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఆ సలహా నాదని ఇంట్లో ఎవరికీ తెలీదు. కోడలు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆమె చెప్పకపోవడం మర్యాద. నేను చెప్పకపోవడానికి వేరే పేరుంది.

"అమ్మాయ్!" వెనక నుంచి మా ఆవిడ గొంతు. "మీ మామయ్యగారికి చెప్పు, టీ చల్లారిపోతోందని."

నేను ఆమెకి ఆరడుగుల దూరంలో ఉన్నాను.

ఆరు రోజులుగా ఇదే వరస. దానికీ కారణం నేనే. వెనక గదిలో దారం రీళ్ళన్నీ మా ఆవిడ ఆధీనం. నూట ఎనభై రంగులు. నేను ముందు బల్ల దగ్గర కేకేస్తాను, ఆవిడ లోపల్నుంచి రీలు తెచ్చి చేతిలో పెడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పద్ధతి. అయితే ఆ గది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒక నీలం అటు మూల, దాని తోడు నీలం ఇటు మూల. పసుపు పక్కన నలుపు, నలుపు పక్కన గులాబి. మొన్న ఆవిడ నాలుగు రోజులు చెల్లెలింటికి వెళ్ళింది. నేను చొక్కా చేతులు మడిచి గదంతా సర్దేశాను. లేత రంగు మొదలు ముదురు దాకా, ఇంద్రధనుస్సులా. గుమ్మంలో నిలబడి నాకు నేనే మురిసిపోయాను.

ఆవిడ వచ్చి చూసింది. "బాగుంది," అంది. అంతే. మళ్ళీ ఆ గదిలోకి అడుగు పెట్టలేదు, నాతో మాట కలపలేదు.

"టీ తాగుతున్నానని చెప్పమ్మా," అన్నాను.

"విన్నాను," అంది లోపలి గొంతు. వెంటనే నాలిక్కరుచుకుని, "అని చెప్పు," అని కలిపింది.

కోడలు ఇద్దరి వంకా చూసి, బోర్డు సంగతి తనే చూసుకుంటానని పైకి వెళ్ళిపోయింది.

పదిన్నరకి సందు చివరి దర్జీ వచ్చాడు. మా ఆవిణ్ణి అక్కా అంటాడు. ఆ లెక్కన నేను బావని. ఆ వరస దొరికింది గనక నోటికి ఎంతొస్తే అంతా అంటాడు.

"బావగారూ, మీ కొట్లో దారం కొన్న పాపానికి నేను కళ్ళజోడు కొనుక్కోవాల్సొస్తోంది." చంకలో మూట విప్పి గోధుమ రంగు కోటు బల్ల మీద పరిచాడు. "దీపం కింద కుట్టినంతసేపూ బానే ఉంది. బయటికి తెస్తే కోటొక ఊరు, చెయ్యొక ఊరు. చూడు."

చూశాను. ఎడమ చేతి కుట్టు ఒక రవ్వ ఎరుపు కొడుతోంది. ఆ గోధుమకి ఈ గోధుమ పొరుగునే ఉంటుంది. నేనే ఉంచాను. రీలు మీద అంకె ఉంటుంది నిజమే. హడావిడిలో అంకె చూసేదెవరు? పక్కనున్నదాని మీద చెయ్యి పడుతుంది.

"ఈ వారంలో ఇది నాకు మూడోది," అన్నాడు దర్జీ. "నాకు మూడైతే వీధి మొత్తానికి ఎన్నో నువ్వే చెప్పాలి. అక్క ఊళ్ళో లేదా?"

"ఉంది."

"ఉండీ ఇలా వచ్చిందా?"

నేను రీలు మార్చడానికి వెనక గదిలోకి వెళ్ళాను. ఆరు గోధుమలు వరసగా నిలబడి నన్ను చూశాయి. ఒకటి తీశాను. పెట్టాను. ఇంకోటి తీశాను. నేను సర్దిన గదిలో నాకే దారి తెలియలేదు. రెండు రీళ్ళూ పట్టుకుని బయటికొస్తే, మా ఆవిడ టీ గ్లాసు తీసుకోవడానికి వచ్చి బల్ల దగ్గర నిలబడి ఉంది. దర్జీ ఆవిడకి కోటు చూపిస్తున్నాడు.

"తమ్ముడూ," అంది ఆవిడ, నన్ను గోడలా దాటి చూస్తూ. "ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలోంచి ఒక్క రీలైనా తప్పు తెచ్చానా అని మీ బావగార్ని అడుగు."

"తెచ్చిందా బావా?"

"లేదు."

"లేదంటున్నాడక్కా."

"ఎందుకు తేలేదో ఎప్పుడైనా కనుక్కున్నారా అని అడుగు."

"కనుక్కున్నావా బావా?"

"లేదు. ఇప్పుడు కనుక్కుంటున్నాను."

మా ఆవిడ కోటు చెయ్యి తిరగేసి ఒక దారప్పోగు లాగింది. "ఈ గోధుమ ఎక్కడుండేదో తెలుసా తమ్ముడూ? కిటికీ గోడకి, అన్నిటికన్నా కింది అరలో. దీని తోబుట్టువు ఎదుటి గోడకి, పై అరలో. ఒకదానికి వంగాలి. ఇంకోదానికి ముక్కాలిపీట ఎక్కాలి. కన్నుదేముంది, మోసపోతుంది. వంగిన నడుము పీట ఎక్కానని అనుకుంటుందా?"

దర్జీ నోరు తెరిచి వింటున్నాడు. నేనూ అంతే.

"మరి కొత్త రంగొస్తే?" అన్నాను దర్జీతో, ఆవిడకి వినబడేలా.

"ఉన్నదాన్ని పోలినది వస్తే మెట్ల కింద పెట్టెలో పెట్టి మూత వేస్తాను తమ్ముడూ. నెల కానీ, రెండు నెలలు కానీ. పాతదాని చోటు చేతికి అలవాటయ్యాకే కొత్తదాన్ని బయటికి తీస్తాను. రెండూ ఒకేసారి తెచ్చి ముందేసుకుంటే చేతికి ఏదీ పట్టదు."

"ఆ రెండు నెలల్లో ఎవరైనా అడిగితే?"

"లేదంటాను. లేదంటే రేపొస్తాడు. తప్పుది ఇస్తే మూట పట్టుకుని వచ్చి నలుగురిలో పరువు తీస్తాడు." దర్జీ భుజం తట్టింది. "నీలాగ."

నేను రెండు రీళ్ళూ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో నేనెప్పుడూ గిరాకీ వైపు నిలబడే చూశాను. కొనేవాడికి రెండూ పక్కపక్కన పెట్టాలి. వాడికి వెలుగుంది, తీరికుంది, రెండూ కళ్ళ ముందే ఉన్నాయి. తీసేవాడి లెక్క వేరు. వాడు చీకటి గదిలోకి పరుగెత్తి ఒక్కటి పట్టుకు రావాలి. వాడికి రెండూ దూరదూరంగా ఉండాలి.

హోటలు కౌంటరు ముందు నిలబడి, ఎవరో అడగ్గానే నోట్లోంచి మాట తియ్యాల్సిన లాండ్రీ ఆవిడ కొనేదా, తీసేదా?

"నిచ్చెన దిగరా," అన్నాను మావాడితో. "అందరూ పైకి రండి. బావమరిదీ, కొట్టు ఒక్క ఐదు నిమిషాలు చూస్తూండు."

"ఈ రంగులతోనా? నాకు భయం బావా," అన్నాడు దర్జీ, కుర్చీలో సర్దుకుంటూ.

జిప్పుల పెట్టెలు దాటుకుంటూ మెట్లెక్కాం. కోడలు స్టూలెక్కి చార్టు మేకులు పీకుతోంది. మమ్మల్ని వరసగా చూసి చెయ్యి ఆపింది.

నేను గొంతు సవరించుకున్నాను. ఒప్పుకోలు ఎప్పుడూ పాత సరుకు లాంటిది. ఉంచేకొద్దీ ధర పడిపోతుంది.

"ఈ చార్టు ఆలోచన అమ్మాయిది కాదు. నాది. పక్కపక్కన పెట్టమని నేనే చెప్పాను. పదకొండు మంది తడబడ్డారంటే అది నా చలవ. శనివారమే చెప్పాల్సింది, చెప్పలేదు."

 కింద దర్జీ ఎవరికో 'యజమాని పైన పంచాయితీలో ఉన్నాడు' అని చెప్పడం వినబడింది.

"మామయ్యగారూ, మీరేదో మాటవరసకి అన్నారు, నేనే..."

"ఉండమ్మాయ్," అంది మా ఆవిడ. నా వైపు తిరిగింది. సూటిగా నా మొహంలోకే చూసింది. "అంటే నా గదిలో చేసిన పనే దాని గదిలోనూ చేశారన్నమాట."

ఆరు రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట. తిట్టే అయినా తియ్యగా ఉంది.

"ముందు దీని గదిలో చేశాను," అన్నాను. "నీ గది తర్వాత."

"వరస కూడా చెప్తున్నారు!" అంది. మావాడు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నవ్వు పెదాల మీదకి రాకుండా మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను రీళ్ళ సంగతి, వంగే నడుము సంగతి, మెట్ల కింద పెట్టె సంగతి చెప్పాను. కోడలు స్టూలు మీదే కూర్చుని వింది. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆమె ఒప్పుకోకపోతేనే నాకు నమ్మకం.

"పుస్తకాలన్నీ జతలుగానే ఇస్తాయి మామయ్యగారూ. ఇదీ అదీ, తేడా ఇదీ అని."

"తెలిసినవాడు తీరిగ్గా చూసుకోవడానికి ఇస్తారేమో. నీ దగ్గరికొచ్చేది తీరిక లేనివాళ్ళు."

"మీ దారానికీ నా మాటకీ ఒకటే సూత్రమని ఎలా అనుకోను? ఒకసారి అలా అనుకునే కదా ఇంతదాకా వచ్చింది?"

దెబ్బ సూటిగా తగిలింది. "అనుకోకు," అన్నాను. "మూడింటికి వాళ్ళు వస్తారు. అడిగి చూడు. నేను నోరెత్తను."

మూడింటికి అందరికన్నా ముందు లాండ్రీ ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. నడకలో కూడా ఇస్త్రీ మడత ఉంటుంది. క్లాసు లేదేమోనన్న భయంతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"రండి," అంది కోడలు. "ఒక్క మాట అడుగుతాను. బయట వాన. మీకు నా గొడుగు కావాలి. ఇంగ్లీషులో ఎలా అడుగుతారు?"

లాండ్రీ ఆవిడ పెదాలు కదిలాయి, ఆగాయి. కళ్ళు గోడ మీదికి పోయాయి. చార్టు అక్కడ లేదు. అయినా చార్టు ఉన్న చోటే చూస్తోంది.

"ఏం ఆలోచిస్తున్నారు?"

"ఎర్ర గడిలోదా నీలం గడిలోదా అని, టీచరమ్మా. పై నుంచి మూడో వరస అని తెలుసు. రెండూ అక్కడే ఉన్నాయి. ఏది ఎటో తెలీడం లేదు."

కోడలు ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ఈ క్లాసుకి రాకముందు ఏమనేవారు?"

"బారో అనేదాన్నమ్మా. మా ఇంటాయన అలాగే అనేవాడు. రెండోది ఇక్కడే పరిచయమైంది." సిగ్గుపడింది. "అప్పట్నుంచి మొదటిది కూడా దాక్కుంటోంది."

కోడలు లేచి నా వైపు చూసింది. "మామయ్యగారూ, కత్తెర కావాలి."

దర్జీలు వాడే పెద్ద కత్తెర తెచ్చాను. చార్టు నేల మీద పరిచి నిలువునా మధ్యకి కత్తిరించింది. ఎర్ర గళ్ళు ఒక ముక్క, నీలం గళ్ళు ఒక ముక్క. అందరూ వచ్చాక, ముందు ఏ ముక్క ఉంచాలో పదకొండు మందినీ అడిగి తేల్చింది. లిఫ్టు మనిషికి ట్యూస్‌డే వాడి పాత మాట, అదే ఉంచమన్నాడు. లాండ్రీ ఆవిడకి బారో. రిమైండ్ మాత్రం రోజూ పనికొచ్చేది గనక దాన్ని ఉంచి, ఆ రిమెంబర్ని కళ్ళ ముందు నుంచి తీసెయ్యమని ఆవిడే బతిమాలింది. "ఆ పెద్దమనిషి భార్య ఇంకా హోటల్లోనే ఉందమ్మా," అంది.

రెండో ముక్కని మా ఆవిడ చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. "ఎప్పుడు తియ్యాలో అమ్మాయి చెప్పేదాకా ఇది నా దగ్గరుంటుంది," అంది. ఆ సాయంత్రమే చీర కొంగు బిగించి వెనక గదిలోకి వెళ్ళింది. నా ఇంద్రధనుస్సుకి తెల్లారేసరికి ఆనవాలు లేదు.

అయితే లెక్క ఇంకా తేలలేదు. శుక్రవారం పరీక్షలో రెండు పక్కలవీ అడుగుతారు. సగం సరుకుతో పూర్తి బేరం ఎలా? కోడలు మంగళవారం హోటలుకి వెళ్ళి మేనేజరుతో ఉన్నదున్నట్టు చెప్పింది. ఇన్నాళ్ళూ తప్పు దారిలో చెప్పానని, ఇప్పుడు సగమే చెప్తానని, రెండో సగానికి ఇంకో రెండు నెలలు కావాలని.

"ఏమన్నాడు?" అన్నాను.

"నా ప్రశ్నలు నావి, మీ పద్ధతి మీది, అన్నారు. మంచినీళ్ళైనా ఇవ్వలేదు."

"పోన్లే. కాదనలేదు."

"అవుననీ అనలేదు," అంది. కానీ తాళం చెవి బల్ల మీంచి తీసి నడుముకి దోపుకుంది.

మంగళ, బుధ, గురువారాలు పై గదిలోంచి నవ్వులు వినిపించాయి. ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క చోటు పెట్టింది కోడలు. బారో అనాలంటే గుమ్మం దగ్గరికి పోయి చెయ్యి చాపాలి. రిమైండ్ అనాలంటే కిటికీ దగ్గర నిలబడి ఎదుటివాడి భుజం తట్టాలి. లిఫ్టు మనిషి ట్యూస్‌డే కోసం రోజుకి ఇరవై సార్లు స్టూలెక్కి దిగాడు. "ఉద్యోగంలో ఎక్కడం దిగడం, ఇక్కడా ఎక్కడం దిగడమేనా?" అని గోల. మావాడు జిప్పుల పెట్టెలు రెండు మెట్లు కిందికి దించాడు. ఎవరూ అడక్కుండానే.

శుక్రవారం మూడింటికి మేనేజరు వచ్చాడు. బక్కపలచని మనిషి. నవ్వితే ఖర్చవుతుందన్నట్టు ఉంటాడు. నేను కుర్చీ పట్టుకొచ్చి వేసి, తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ మెట్ల మీద.

ప్రశ్నలు మొదలయ్యాయి. తెలిసినవి టక్కున చెప్పారు. తెలియనివి వచ్చినప్పుడు, నేర్పలేదు సార్ అన్నారు. ఎవరూ ఒకదాని బదులు ఇంకోటి అనలేదు. మేనేజరు ఒక్కో దానికీ ఏదో రాసుకుంటున్నాడు. మొహంలో లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఆఖరున లాండ్రీ ఆవిడ.

"హోటలు వాళ్ళు గొడుగిస్తారు, వెళ్ళేటప్పుడు తిరిగివ్వాలి. ఇది గెస్టుకి ఇంగ్లీషులో చెప్పు," అన్నాడు.

మా కోడలి చేతిలో సుద్దముక్క విరిగింది. లెండ్. అది చుట్ట చుట్టి పెట్టిన సగంలోని మాట.

లాండ్రీ ఆవిడ గుమ్మం వైపు చూసింది. అక్కడున్నది అడిగే మాట. ఇచ్చే మాట కాదు. చూపు వెనక్కి తీసుకుంది.  కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"సార్," అంది. "టేక్ అవర్ అంబ్రెల్లా. వెన్ యూ గో, గివ్ బ్యాక్."

మేనేజరు కలం ఆగింది. "ఒక మాట వదిలేశావే?"

"ఆ మాట నాకింకా ఇవ్వలేదు సార్. ఉన్నవాటితో చెప్పాను."

"వెనకటిలాగా ఏదో ఒకటి అనెయ్యొచ్చుగా?"

"బారో అనేస్తే ఆ గెస్టే గొడుగు తెచ్చి నాకిచ్చేవాడేమో."

పదిమందీ ఒక్కసారి నవ్వారు. మేనేజరు నవ్వలేదు గానీ పుస్తకం మూశాడు. "సోమవారం నుంచి నువ్వు ముందు కౌంటర్లో కూర్చో," అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు. "పాసయ్యారని రాయలేను, తప్పారనీ రాయలేను. ఆవిడ కౌంటర్లో వారం నిలబడితే మీ క్లాసు ఏడాది నిలబడుతుంది. లేకపోతే లేదు."

మా ఆవిడ మెట్ల మీంచి చప్పట్లు కొట్టబోయి ఆగింది. లాండ్రీ ఆవిడ లేచి నిలబడి ఉంది.

"నేను రాను సార్."

"ఏం?"

"ఇక్కడ మీరొక్కరే అడిగారు. అక్కడ వందమంది అడుగుతారు. రెండో సగం రానివ్వండి. రెండు నెలలాగి వస్తాను."

"రెండు నెలలకి ఆ కుర్చీ ఖాళీగా ఉండదమ్మా. సోమవారం అయితే సోమవారం."

అందరం కోడలి వైపు చూశాం. ఆమె బడి వదులుకున్నది, నెల రోజులు గొంతు చించుకున్నది, అంతా ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ లాండ్రీ ఆవిడ నోటి మీద ఆధారపడింది.

"ఆవిడ వస్తుందండీ," అంది నెమ్మదిగా. "నేను కూడా వస్తాను. వారం రోజులు పక్కన కూర్చుంటాను."

"కూర్చోండి. నాకభ్యంతరం లేదు," అన్నాడు మేనేజరు.

లాండ్రీ ఆవిడ అడ్డంగా తలూపింది. "వద్దు టీచరమ్మా. మీరు పక్కనుంటే నేను మీ మొహమే చూస్తాను. నా నోట్లో ఉన్నది కూడా మీ నోట్లోంచి వస్తుందేమోనని ఎదురు చూస్తాను. వస్తే ఒక్కదాన్నే రావాలి."

"వస్తే ఏమిటి? వస్తావా, రావా?"

ఆవిడ తన చేతులు చూసుకుంది. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళు. ఒక్కసారి గట్టిగా ముడిచి విప్పింది.

"ఎన్నింటికి రావాలి సార్?"

"ఏడింటికి," అన్నాడు మేనేజరు. లేచి, జిప్పుల పెట్టెలు తప్పించుకుంటూ దిగిపోయాడు.

బూట్ల చప్పుడు ఆగగానే గది గోలెత్తిపోయింది. లిఫ్టు మనిషి రోజూ తనే ఆవిణ్ణి దగ్గరుండి లిఫ్టులో తీసుకెళ్తానన్నాడు. "కౌంటరు కిందే కదయ్యా, నీ లిఫ్టెందుకు?" అని పక్కవాడు. లాండ్రీ ఆవిడ ఇవేవీ వినడం లేదు. "అమ్మా, ఆ కుర్చీ గిర్రున తిరుగుతుందట కదా, కాళ్ళెక్కడ పెట్టుకుంటారు?" అంది. మా ఆవిడ లోపలికొచ్చి స్టూలు లాగి, కూర్చోబెట్టి చూపించడం మొదలుపెట్టింది.

కోడలూ నవ్వింది. నవ్వుతూనే నా పక్కకి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"మామయ్యగారూ, వారంలో ఆ కౌంటరు దగ్గరికి ఎంతమంది వస్తారంటారు?"

నేను లెక్కల మనిషిని. రోజుకి వందమందైతే వారానికి ఏడు వందలని లెక్క వెంటనే తట్టింది. ఆమెతో మాత్రం, "ఒక్కొక్కరే వస్తారమ్మాయ్," అన్నాను.